ఇంజెక్షన్‌కి ముందే చెప్పాల్సినవి

క్యాన్సర్ డే కేర్‌లో నర్సుని. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజెక్షన్లు వేయడం నా పనిలో భాగం. గోసెరెలిన్ అయితే సిరంజిలో ద్రవం ఉండదు, బియ్యపు గింజంత మందు ముక్క ఉంటుంది. సూది లావు. బొడ్డు కింద చర్మాన్ని పైకి పట్టుకుని ఏటవాలుగా గుచ్చాలి. 3.6 మిల్లీగ్రాములది 28 రోజులకొకటి, 10.8ది మూడు నెలలకొకటి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారేమో ముందే కనుక్కుంటాను.

"దీంతో జబ్బు పోద్దా అమ్మా?" అంటారు. పాకిన జబ్బు పూర్తిగా పోదు, అణుగుతుంది. ఈ క్యాన్సర్‌కి మగ హార్మోనే మేత అని 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. అప్పట్లో వృషణాలు తీసేసేవారు. ఇప్పటికీ కొందరు అదే కోరుకుంటారు: ఒక్కసారితో అయిపోతుంది, ఖర్చు తక్కువ, నెలనెలా బస్సెక్కి రానక్కర్లేదు. నా దృష్టిలో అదీ మంచి వైద్యమే.

ఇంజెక్షన్ వేసేదీ ఆ మగ హార్మోన్‌ని తగ్గించడానికే. కానీ మొదటి రోజుల్లో అది తగ్గకపోగా పెరుగుతుంది. జబ్బు వెన్నెముకకు పాకినవాళ్లకి అది ప్రమాదం. అందుకే డాక్టర్లు ముందుగా బైకాలుటమైడ్ మాత్రలు రాస్తారు. ఆ మాత్రల అట్ట చూశాకే సూది తీస్తాను.

ఒక పెద్దాయన మూడోసారి వచ్చినప్పుడు ఎంతడిగినా "బానే ఉంది" అన్నాడు. భార్య ఊరుకోలేదు. "ఏం బాగు? రాత్రిళ్లు ఒళ్లంతా సెగలంటాడు, బనీను పిండితే చెమట. జ్వరం లేదు. నాకు ముట్లుడిగినప్పుడు అచ్చం ఇట్టాగే." అవునమ్మా, కారణం దాదాపు అదేనన్నాను. ఆయన ఆమెవైపు తిరిగి, "నీకూ ఇట్టా ఉండేదా? చెప్పలేదేం?" అన్నాడు.

సెగల సంగతైనా ఇలా బయటికొస్తుంది. కోరిక తగ్గడం, అంగం గట్టిపడకపోవడం మాత్రం ఎవరూ చెప్పరు. తనలోనే ఏదో లోపముందనుకుని మంచం వసారాలోకి మార్చుకుంటారు, భార్యకు కారణం తెలియదు. అందుకే మొదటి ఇంజెక్షన్‌కి ముందే తలుపు వేసి ఇద్దరికీ చెప్తాను: ఇది మందు చేసే పని, మీ తప్పు కాదు. ఎముకలు గుల్లబారకుండా నడక, డాక్టర్ రాసిన కాల్షియం, విటమిన్ డి మానొద్దంటాను. షుగరూ చూపించుకోమంటాను. వరుసలో ఎంతమంది ఉన్నా ఈ మాటలకు సమయం తీయాల్సిందే.

జబ్బు తీరు తెలిపే రక్తపరీక్ష పీఎస్‌ఏ. అది తగ్గిన కాగితం చూడగానే కొందరు రావడం మానేస్తారు. తేదీ దాటితే ఫోన్ చేస్తాను. ఎక్కువగా భార్యలే ఎత్తుతారు.