మా యింటి కారు ముందు చక్రపు బేరింగు

ఎద్దుబండి యిరుసునకు కందెన వేయుట మన పెద్దలు చిరకాలమునుండి యెఱిగిన పనియే. ఇరుసును చక్రమును ఒకదానినొకటి రాచుకొని అరగిపోకుండుటకే యా యుపాయము. మోటారు కారు చక్రమున నీ రాపిడిని దప్పించునది బేరింగు. రెండు ఉక్కు వలయముల నడుమ ఉక్కు గుండ్లో, చిన్న రోలర్లో దొర్లుచుండుటచే చక్రము సుళువుగా దిరుగును. బండి యిరుసునకు గుండ్ల బేరింగు నమర్చు విధమునకు వేల్సు దేశమున ఫిలిప్ వాన్ అను నాతడు 1794లో పేటెంటు పొందెను. 1898లో అమెరికాలో గుఱ్ఱపుబండ్లు చేయించు హెన్రీ టింకెన్, ఒక కొన సన్నమై రెండవ కొన లావైన రోలర్లతో గూడిన బేరింగునకు పేటెంటు పొందెను. బండి బరువును మాత్రమేగాక, మలుపు దిరుగునపుడు ప్రక్కనుండి కలుగు త్రోపునుగూడ నిది యోర్చుకొనును.

మా యింట నున్నది పాత తరహా కారు. దాని యింజను బలము వెనుక చక్రములకే పోవును. ముందు చక్రములు ఇరుసుమొనలపై, ఒక్కొక్కదానికి రెండేసి యిట్టి బేరింగుల యాధారమున, ఊరక తిరుగుచుండును. మా అమ్మమ్మగారికి మూత్రపిండములు చెడినందున, సోమవారమును గురువారమును ఆమెను డయాలిసిస్ చికిత్సకై గుంటూరునకు దీసికొనిపోవుట యా కారులోనే. దసరా సెలవులలో దాని ముందుభాగమునుండి తుమ్మెద మ్రోతవంటి రోద వినవచ్చెను. వేగము హెచ్చినకొలది రోదయు హెచ్చుచుండెను. సోమవారపు ప్రయాణమెట్లో జరిగెను. గురువారమునకు బండి సిద్ధము కావలెను, నమ్మదగినదియు కావలెను.

విజయవాడ ఆటోనగరులో లారీల షెడ్డున చాల కాలము పనిచేసిన మా మేనమామగారు మంగళవారము ఉదయము వచ్చిరి. ఆయన మొదట కారును నడిపి చూచిరి. కుడివైపునకు మలుపు త్రిప్పినపుడు రోద హెచ్చెను. అట్టి మలుపులో బరువు ఎడమ చక్రముపై బడును గావున ఎడమ చక్రమును శంకించిరి. పిదప దానిని జాకీతో నేలనుండి లేపి, పైనను క్రిందను పట్టుకొని యూపగా టకటకమని కదలెను. నాన్నగారిని బ్రేకు త్రొక్కుమని మరల నూపిరి. ఈ మారు కదలిక లేదు. “కీలులో దోషమైనచో బ్రేకు వేసినను కదలును. ఇది బేరింగేరా, అబ్బాయీ,” అనిరి.

పనికి బూనుకొనునపుడు ఆయన మొదట జూచినది పనిముట్లను గాదు, మా ప్రాణములను. వెనుక చక్రములకు ముందువెనుకల రాళ్లు పెట్టించిరి. చక్రపు నట్లను బండి నేలపై నుండగనే కొంచెము వదులు చేసిరి. బండిని లేపినపిదప దాని చట్రము క్రింద ఇనుప స్టాండు నిలిపిరి. జాకీ లేపుటకేగాని మోయుటకు గాదని వారి నియమము. చక్రము తీసినపిదప బ్రేకు డ్రమ్ము చుట్టును నల్లని దుమ్ము కనబడెను. నేనూదబోగా వారించిరి. పాత బ్రేకులలో రాతినార యుండవచ్చుననియు, అది ఊపిరితిత్తులకు హాని చేయుననియు జెప్పి, తడిగుడ్డతో దుడిపించిరి.

అటుపిమ్మట కొనటోపీని, స్ప్లిట్ పిన్నును, నట్టును తీసి డ్రమ్మును ముందునకు లాగగా వెలుపలి బేరింగు చేతిలోనికి వచ్చెను. లోపలి బేరింగు గ్రీజు కారకుండ నాపు సీలు వెనుక నుండెను. కిరోసిను పోసి కడిగి చూడగా దాని రోలర్లపై మశూచి మచ్చలవంటి గుంటలు పడియుండెను. రోద కదియే మూలము.

ఆ రోలర్లు దొర్లు వెలుపలి వలయము హబ్బులో గట్టిగా బిగిసియుండెను. నాన్నగారు దానిని దడవి చూచి, “ఇది నున్నగనే యున్నది గదా, ఉంచరాదా?” అనిరి. మామయ్యగారు తలయెత్తి, “బావగారూ, పాత బాటలో క్రొత్త రోలర్లు నిలువవు. ఈ బండిలో కూర్చుండునది మా అమ్మ,” అనిరి. మరి యెవ్వరును మాటాడలేదు.

ఇత్తడి కడ్డీ నానించి, ఒకమారు ఈ ప్రక్కను ఒకమారు ఆ ప్రక్కను దట్టుచు పాత వలయములను వెడలించిరి. వానిపై చెక్కియున్న సంఖ్యలను జూపి నాన్నగారు బజారునుండి క్రొత్త జతలను దెచ్చిరి. క్రొత్త వలయము వంకరపోకుండ పాతదానినే దానిపై బెట్టి కొట్టిరి. అది అడుగంటగానే సుత్తిదెబ్బ ధ్వని మాఱి గట్టిగా ఖంగుమనెను. గ్రీజు పట్టించు పని నాది. అరచేతిలో గ్రీజు నుంచుకొని, బేరింగు అంచును దానికి నొత్తుచు, అవతలి ప్రక్క రోలర్ల సందులనుండి గ్రీజు పైకి వచ్చువఱకు నింపితిని.

అన్నిటికంటె సున్నితమైనది నట్టు బిగించుట. మిక్కిలి బిగించినచో బేరింగు వేడెక్కి మాడును. వదులైనచో చక్రము ఊగును. మామయ్యగారు చక్రమును ద్రిప్పుచు నట్టును బిగించి, వెనుకకు వదలి, మరల వ్రేళ్లతో మాత్రము బిగించి, బెజ్జము సరిపడినచోట క్రొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొనలు వంచిరి. ఎద్దుబండికి కడసీల యెట్టిదో దీనికిది యట్టిది. ఈ బిగింపు కారు కారునకు భిన్నము గావున, కారుతో వచ్చిన పుస్తకమును జూచియే చేయవలెను.

సాయంకాలము కొంతదూరము నడిపి వచ్చి హబ్బుపై చేయి యుంచితిమి, గోరువెచ్చగా నుండెను. గురువారము గుంటూరునుండి మరలి వచ్చునపుడు అమ్మమ్మగారు త్రోవ పొడవునను నిద్రించిరి. తరువాతి వారము మామయ్యగారు మరల వచ్చి చక్రము నూపి చూచి, నట్లను సరిచూచిరి.

సహపాఠులారా, నేటి కార్లు అనేకములలో బేరింగు మూసివేయబడిన గట్టి దిమ్మగా వచ్చుచున్నది. కొన్నిట దానిని లోనికి దిగవేయుటకు ప్రెస్సు యంత్రము కావలెను. సుత్తితో గొట్టినచో క్రొత్తదియు నా క్షణమే చెడును. అట్టివానిని ఇంట ముట్టక పనివానికి అప్పగించుటయే మేలు. కాని రోదను విని గుర్తించుట, చక్రము నూపి చూచుట మనమందఱము నేర్వదగినవి. మూతపడినపిదప లోపలి పని యెవరికిని గానరాదు. దాని బాగోగులను మోయువారు బండిలో గూర్చున్నవారు.