బంగారం బదులు మదర్‌బోర్డు

ఒక కంపెనీ మిక్సీ జార్ ఇంకో కంపెనీ మిక్సీ మీద కూర్చోదు. హాకిన్స్ కుక్కర్ మూత ప్రెస్టీజ్ గిన్నెకు పట్టదు. ఈ సంగతులు మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కంప్యూటర్‌కు మదర్‌బోర్డు ఎంచుకోవడం కూడా ఇంచుమించు ఇలాంటిదేనని మా అమ్మాయి పుణ్యమా అని తెలిసింది. ఇంటర్‌తో చదువు ఆపేసిన నాకే అర్థమైందంటే మీకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.

మాది మంచిర్యాల. మావారు సింగరేణిలో పనిచేస్తారు. 2024లో దసరాకు ముందు కార్మికులకు లాభాల్లో 33 శాతం వాటా పంచారు. అందులోంచి 80 వేలు పక్కన పెట్టాను. అమ్మాయి అప్పుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. బొమ్మలు గీసి వాటిని కంప్యూటర్‌లో కదిలించడమంటే దానికి ప్రాణం. సొంతంగా ఒక గేమ్ తయారుచేయాలని పట్టుదల. ఆటలూ ఆడుతుంది, దాచడమెందుకు! పాత ల్యాప్‌టాప్ అరగంటకే వేడెక్కి ఆగిపోయేది. “గేమింగ్ కంప్యూటర్ సామాన్లు తెచ్చి నేనే బిగించుకుంట అమ్మా” అంది.

అత్తమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. “ఆడివిల్లకు ఆటల డబ్బా ఏందే? గా పైసలతోని బంగారం కొను. రేపు పెండ్లికి అక్కరకొస్తది” అంది. మావారు “మీ ఇష్టం” అని డ్యూటీకి వెళ్లిపోయారు. అత్తమ్మ మాటా కొట్టిపారేసేది కాదు. అందుకే అమ్మాయికి షరతు పెట్టాను. “ఏ వస్తువు ఎందుకు కొంటున్నవో నాకు సమజయ్యేటట్టు చెప్పు బిడ్డా. అప్పుడే పైసలిస్త” అన్నాను. నాలుగు సాయంత్రాలు పప్పు ఏరుకుంటూ పాఠాలు విన్నాను.

ముందు ప్రాసెసర్ ఏదో తేల్చుకోవాలి, బోర్డు తర్వాత. ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్ వాళ్ల 1700 సాకెట్ 2021లో వస్తే, 2024లో 1851 వచ్చింది. పాత గూట్లో కొత్త ప్రాసెసర్ పట్టదు. ఏఎండీ వాళ్ల ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. 2027 దాకా, ఆ తర్వాత కూడా దానికి కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఆ కంపెనీ 2024లో ప్రకటించింది. అంటే కొన్నేళ్లకు బోర్డు అట్లాగే ఉంచి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. మేము అటే మొగ్గాం.

తర్వాతది మెమరీ. ఏఎం5 బోర్డుకు డీడీఆర్5 మెమరీయే పడుతుంది. డీడీఆర్4కు గాటు వేరేచోట ఉంటుంది, నొక్కినా దిగదు. పక్కింటి అబ్బాయి ఊరికే ఇస్తానన్నా అది మనకు పనికిరాదన్నమాట. బోర్డుకు నాలుగు మెమరీ స్లాట్లు ఉంటే ఇప్పుడొకటి, చేతిలో డబ్బు ఆడినప్పుడు ఇంకొకటి పెట్టుకోవచ్చు.

మూడోది కరెంటు. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను బోర్డే ఒకటిన్నర వోల్టు లోపుకు తగ్గించి ప్రాసెసర్‌కు అందిస్తుంది. ఆ పనిచేసే భాగాలు బాగా కాగుతాయి. వాటి మీద అల్యూమినియం దిమ్మలుంటే వేడిని లాగేస్తాయి. చాలా చౌక బోర్డులకు ఆ దిమ్మలు ఉండవు. మే నెలలో మంచిర్యాల, రామగుండం ఎండలు 45 డిగ్రీలు దాటుతాయని మీకు చెప్పాలా? రంగురంగుల లైట్లకంటే ఆ దిమ్మలే మనకు ముఖ్యం.

ఇక కొలత. ఏటీఎక్స్ బోర్డు 305, 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా 244. చిన్న బోర్డు పెద్ద డబ్బాలో పడుతుంది, పెద్దది చిన్నదాంట్లో పట్టదు.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని, తల్లీకూతుళ్లం రైల్లో సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నిండా కంప్యూటర్ దుకాణాలే. మొదటి దుకాణంలో అతను ధగధగ మెరిసే బోర్డు చూపించాడు. స్లాట్లు రెండే ఉన్నాయి. “దిమ్మలేవి బాబూ?” అన్నాను. “అవన్నీ మీకెందుకు మేడమ్, సార్‌ను తీసుకురండి” అన్నాడు. లేచి వచ్చేశాం.

మూడో దుకాణంలో మాకు కావలసింది దొరికింది. బీ650 రకం, మైక్రో ఏటీఎక్స్, నాలుగు స్లాట్లు, దిమ్మలు కూడా ఉన్నాయి. డబ్బు కట్టేముందు సాకెట్ మూత తీయించి టార్చి వేసి చూశాం. ఏఎం5లో 1718 పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, వెంట్రుకల్లా సన్నగా. ఒక్కటి వంగినా వారంటీ దగ్గర పేచీ వస్తుంది. సీరియల్ నంబరు వేసిన జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకున్నాం. మిగతా సామాన్లూ 80 వేలలోనే సరిపెట్టాం. మెమరీ మాత్రం ఒక్కటే కొన్నాం.

ఆదివారం అమ్మాయి కంప్యూటర్ బిగిస్తుంటే, స్క్రూలు ఎక్కడ పోతాయోనని అత్తమ్మ వాటిని చిన్న గిన్నెలో పోసుకుని కాపలా కూర్చుంది. మరుసటి ఎండాకాలం అది ఒక్కసారి కూడా ఆగలేదు. పెండ్లి పత్రికల వీడియోలు చేసి సంపాదించిన డబ్బుతో అమ్మాయి రెండో మెమరీ తనే కొనుక్కుంది. అత్తమ్మ ఇప్పటికీ బంగారం మాట ఎత్తుతూనే ఉంటుంది, కానీ చుట్టాలకు ఆ డబ్బా చూపించేది మాత్రం ఆవిడే!

మీ పిల్లలు అడిగితే “నాకేం తెలుసు” అని తప్పుకోకండి. వాళ్ల చేతే చెప్పించుకోండి. చెప్పలేకపోతే ఇంకా తెలుసుకుని రమ్మనండి. తర్వాత మార్చుకోగలిగిన వాటిలో సర్దుకోవచ్చు గానీ, అన్నిటినీ మోసే బోర్డు దగ్గర సర్దుకోవద్దు. బిల్లును మాత్రం రేషన్ కార్డు, ఆధార్ కార్డులున్న ఫైల్లోనే దాచండి. వారంటీ తీరేదాకా అట్టపెట్టె పారేయకండి.