ఫ్యూజులు జేబులో ఉండగా నలిగిన వేలు

"షాక్ కొట్టిందా?" అని అడుగుతారు అందరూ. లేదు. 415 వోల్టుల బస్‌బార్‌ను నేను తాకనే లేదు. నా కుడి చూపుడు వేలి కొస పోయింది స్ప్రింగును బిగించే ఒక చిన్న మోటారు వల్ల.

2022 ఎండాకాలం. అబిడ్స్‌లో ఒక పాత షాపింగ్ కాంప్లెక్స్, సెల్లార్‌లో ప్యానెల్ రూము. 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద 800 ఆంపియర్ల ఏసీబీ, అంటే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్. ఏసీలన్నీ ఒక్కసారే నడిచే రోజులు. బ్రేకర్ ట్రిప్ అవుతుంటే ఓవర్‌లోడ్ సెట్టింగ్ పెంచెయ్యమంటారు ఎవరైనా. ఆ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు 667 ఆంపియర్లు. డయల్ 0.8 మీద, అంటే 640 దగ్గర ఉంది. 1కి తిప్పితే బ్రేకర్ నోరు మూసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఉడుకుతుంది. నేను ముట్టుకోలేదు. అసలు తంటా వేరే చోట ఉంది. ట్రిప్ అయ్యాక బ్రేకర్ మళ్లీ ఎక్కడం లేదు.

అంత పెద్ద కాంటాక్టులు రెప్పపాటులో మూసుకోవాలంటే స్ప్రింగ్ బలం కావాలి. మోటారు ఆ స్ప్రింగును సాగదీసి పెడుతుంది. పూర్తిగా చార్జ్ కాగానే క్యామ్ వచ్చి లిమిట్ స్విచ్ మీటను నొక్కుతుంది, మోటారు ఆగుతుంది. ఇక్కడ ఆ స్విచ్ కొంచెం జారి, ముందుగానే కట్ చేస్తోంది. స్ప్రింగ్ సగంలో ఆగిపోతోంది. రెండు స్క్రూలు వదులు చేసి స్విచ్‌ను వెంట్రుకవాసి జరపాలి. అంతే పని.

బ్రేకర్‌ను హ్యాండిల్ తిప్పి టెస్ట్ పొజిషన్‌కు లాగాను. టెస్ట్‌లో మెయిన్ కాంటాక్టులు విడిపోతాయి గానీ కంట్రోల్ వైర్లు తగిలే ఉంటాయి. మోటారు నడిపి చూడాలంటే అలాగే ఉండాలి. అందుకే చెయ్యి పెట్టేముందు కంట్రోల్ ఫ్యూజులు పీకి హెల్పర్‌కు ఇచ్చాను, జేబులో వేసుకున్నాడు. ఆన్, ఆఫ్ బటన్లు నొక్కి స్ప్రింగును వదిలించాను. మోటారు టెర్మినళ్ల మీద మీటర్ పెడితే సున్నా. ముందు కవర్ విప్పాను.

డ్రాయింగ్‌లో లేనిది ఒకటుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లో సెక్యూరిటీ టేబుల్ పక్కన బ్రేకర్‌ను ఎక్కించడానికి, దించడానికి టీఎన్‌సీ స్విచ్ పెట్టారు. దానికి యూపీఎస్ నుంచి సప్లై లాగి, అదే లైను మోటారుకూ కలిపేశారు. ఎవరు, ఎప్పుడు కలిపారో ఎక్కడా రాసి లేదు. నేను మీటర్ పెట్టినప్పుడు ఆ యూపీఎస్ రిపేరులో బంద్ ఉంది. పైన దాన్ని ఆన్ చేశారు. స్ప్రింగ్ ఖాళీగా ఉంటే నింపడమే మోటారు పని. నింపడం మొదలుపెట్టింది.

క్యామ్‌కూ స్విచ్ బ్రాకెట్‌కూ మధ్య వేలు ఇరుక్కుంది. మోటారు ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. రాచెట్ అడ్డుపడి రానివ్వదు. గుయ్‌మంటూ నిలబడి వేడెక్కుతోంది, వార్నిష్ కాలిన వాసన. హెల్పర్ కుర్రాడు జేబు తడుముకుంటున్నాడు. "ఫ్యూజులు నా దగ్గర్నే ఉన్నయన్నా! కరెంటు యాడికెల్లి వస్తుందే?"

"వైర్లు కొయ్యిరా" అని అరిచాను. కటింగ్ ప్లేయర్‌తో మోటారు వైర్లు కోశాడు. చప్పుడు ఆగింది, వేలు మాత్రం రాలేదు. బ్రాకెట్ బోల్టులు ఎటువైపు తిప్పాలో, ఏ బటన్ జోలికి పోకూడదో చెప్పేటప్పుడు నా గొంతు ఎంత నిదానంగా ఉందో నాకే వింత. నొప్పి తర్వాత తెలిసింది. ఆటోలో ఉస్మానియాకు తీసుకుపోయారు. మొదటి కణుపు నిలవలేదు.

నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో జనవరి వస్తే స్టాళ్లకు లైన్లు లాగిన చెయ్యి ఇది. 2019 జనవరి 30 రాత్రి అక్కడ వందల స్టాళ్లు బూడిదయ్యాక మా పనివాళ్లలో ఎవరు కలిసినా షార్ట్ సర్క్యూట్, మంటల ముచ్చటే. స్ప్రింగులో కూడా ప్రాణం తీసేంత బలం దాగి ఉంటుందని ఒక్కరూ అనగా వినలేదు.

డ్రాయింగ్ మాది కాదన్నాడు కాంట్రాక్టర్. మనిషి మావాడు కాదన్నారు బిల్డింగ్ వాళ్లు. అప్పటికి అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం మాత్రం లెక్క ముందే కట్టి పెట్టింది. చూపుడు వేలి ఒక కణుపు పోతే సంపాదనలో 9 శాతం నష్టం. నెల జీతం ఎంతున్నా 15,000 వరకే పట్టించుకునేది. అందులో 60 శాతం తీసుకుని, 40 ఏళ్ల వయసుకు 184.17తో గుణించేవారు. అందులో 9 శాతంగా నాకు తేలింది 1,49,178 రూపాయలు. స్క్రూ బిగిసిందో లేదో ఆ వేలి కొసతోనే తెలుసుకునేవాణ్ని. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

పని మానలేదు. స్క్రూను ఇప్పుడు బొటనవేలికీ మధ్య వేలికీ మధ్య పట్టుకుంటాను. ట్రూప్ బజార్‌లో తాళాలు కొనుక్కున్నాను. ఎక్కడెక్కడి నుంచి సప్లై వస్తుందో అక్కడల్లా తాళం వేసి, తాళంచెవులు నా దగ్గరే పెట్టుకుంటాను. రిమోట్ స్విచ్ ఉందని తెలిస్తే దాని వైరు వెంట నడిచి కొస దాకా చూసి వస్తాను. ఆలస్యం అవుతుందని గొణిగే ఓనర్లను గొణగనిస్తాను.

బిల్డింగ్ నడిపేవాళ్లకు ఒక మాట. మీ ఏసీబీకి కంట్రోల్ సప్లై ఎన్ని చోట్ల నుంచి వస్తోందో మీ ఎలక్ట్రీషియన్‌తో వెతికించండి. యూపీఎస్, బ్యాటరీ, జనరేటర్ ప్యానెల్, ఏదైనా సరే, పెయింటుతో ప్యానెల్ తలుపు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించండి. మొత్తం కలిపి ఒక పూట పని.