అసలెంత, వడ్డీ ఎంత?

మా రాజుపాలెంలో అప్పు నోటు మూడేళ్ళకోసారి తిరగరాస్తారు. అప్పటిదాకా పెరిగిన వడ్డీ అసల్లో కలిసిపోతుంది, పాత నోటు చించేస్తారు. 2007లో సెలవుకెళ్ళినప్పుడు నాన్న అప్పు తీర్చేద్దామని కూర్చున్నా. "1998లో బోరుకని 20 వేలు తెచ్చా, రెండ్రూపాయల వడ్డీ" అన్నాడు నాన్న. ఎక్సెల్‌లో వేస్తే లక్షా రెండు వేల దగ్గర తేలింది. నోటు మీద మాత్రం రెండు లక్షల మూడు వేల చిల్లర! "వడ్డీ ఎక్కువేశాడు నాన్నా, మోసం ఇది" అని ఎగిరా. నాన్న మాట్లాడలేదు.

ఇదెందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య భారీ కృష్ణబిలాల గురించి చదువుతుంటే అక్కడా ఇదే గొడవ.

గెలాక్సీల నడుమ లక్షల, కోట్ల సూర్యుళ్ళ బరువుతో ఉంటాయివి. కంటికి కనబడవు. కానీ వాటిలో పడబోయే గ్యాస్ విపరీతంగా వేడెక్కి ఎక్స్-రేలు చిమ్ముతుంది. మన వాతావరణం వాటిని కిందికి రానివ్వదు కాబట్టి టెలిస్కోపుని పైకి పంపాల్సిందే. 1999లో నాసా పంపిన చంద్రా, 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ అలాంటివే. ఎక్స్-రేల వెలుగుని బట్టి అది ఏడాదికెంత మింగుతోందో లెక్కేస్తారు. అంటే వడ్డీ రేటు తెలిసినట్టే. 2024లో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 13 లక్షల గెలాక్సీలు, సుమారు 8,000 కృష్ణబిలాల డేటా కలిపి చూస్తే, పెరుగుదలలో పెద్ద వాటా గ్యాస్ మింగడానిదే, ఒకదాన్నొకటి కలుపుకోవడం వల్ల వచ్చేది తక్కువే అని తేలింది.

ఈ వడ్డీకీ ఓ హద్దుంది. మరీ ఎక్కువ మింగితే ఆ వెలుగే గ్యాస్‌ని బయటికి నెట్టేస్తుంది. పడే పదార్థంలో పదోవంతు వెలుగుగా మారుతుందనుకుంటే, ఆ హద్దులో బరువు రెట్టింపవడానికి దాదాపు 3.5 కోట్ల ఏళ్ళు పడుతుంది. అచ్చం చక్రవడ్డీ.

చిక్కల్లా 2023లో వచ్చింది. యూహెచ్‌జడ్1 అనే గెలాక్సీలో చంద్రాకి ఎక్స్-రేలు చిక్కాయి. అప్పటికి విశ్వం వయసు 47 కోట్ల ఏళ్ళు. కృష్ణబిలం బరువేమో కోటి నుంచి పది కోట్ల సూర్యుళ్ళు! ఓ నక్షత్రం చచ్చి మిగిల్చిన 100 సూర్యుళ్ళ బరువుతో మొదలెడితే, కోటికి చేరాలంటే 17 సార్లు రెట్టింపవ్వాలి. అంటే 60 కోట్ల ఏళ్ళు. లెక్క కుదర్లేదు. అయితే వడ్డీ హద్దు దాటైనా ఉండాలి, లేదా అసలే పెద్దదై ఉండాలి. గ్యాస్ మేఘం నేరుగా కుప్పకూలి పదివేలో, లక్షో సూర్యుళ్ళ బరువుతోనే మొదలై ఉంటుందని దాన్ని కనిపెట్టినవాళ్ళ మొగ్గు. మొదటి వాదనా ఇంకా బతికే ఉంది. చూద్దామంటే పాత నోట్లు లేవుగా!

ఆ రాత్రి అమ్మ చెప్పింది. అసలు 20 కాదు, 40 వేలు. మిగతా 20 నా ఎంసెట్ కోచింగుకీ, హాస్టలుకీ. "వాడికి చెప్పమాక" అన్నాట్ట నాన్న. 40 వేసి చూశా, సరిగ్గా సరిపోయింది.

పొద్దున్నే వెళ్ళి డబ్బు కట్టేసి వచ్చా. అనవసరంగా ఆయన్ని మోసగాడన్నాను. నా ఫార్ములా కరెక్టే, మొదటి గడిలో వేసిన అంకే తప్పు. లెక్క తేడా వస్తే మనం ముందు వడ్డీనే అనుమానిస్తాం.. ఏమంటారు?