ఒక్క అంకె తెలిస్తే మిగతా మూడూ మనమే రాయొచ్చు

ఈ పోస్టు ఉద్యోగ నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించీ కాదు. ఇంటర్‌లో, డిగ్రీలో, నీట్‌లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే ఒక చిన్న లెక్క గురించి. డీఎన్‌ఏలో ఒక క్షారం ఎంత శాతమో ఇచ్చి, మిగతా మూడూ ఎంతెంతో చెప్పమంటారు గదా, ఆ లెక్క. పోస్టు కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి, చివర్లో మీకూ లెక్కలుండాయి.

మేం కొత్తచెరువులో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాం. మాలో సుగాలి తండాల నుంచి వచ్చినోళ్లం ఉన్నాం, ఎరుకల ఇళ్ల నుంచి వచ్చినోళ్లం ఉన్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అమ్మానాయనలు శెనక్కాయ పనికి పోతారు, అది లేకపోతే బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోతారు. ఇంట్లో మా బాస ఒకటి, బడిలో తెలుగు, డిగ్రీలో ఇంగ్లీష్. ఇంటికి పోయి అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. అందుకే రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఏ పాఠమైనా మా మాటల్లోకి మార్చుకుని ఒకరికొకరం చెప్పుకుంటాం. ఈ లెక్కను మేం చెప్పుకునేది చెప్పులతో.

భోజనం టైములో మెస్ గడప ముందర చూడండి, చెప్పుల కుప్ప. అందులో నీలం పట్టీలవి కొన్ని, నల్ల పట్టీలవి కొన్ని అనుకుందాం. మొత్తం 100 చెప్పులు. ఎవరో ఒకరు వంగి నల్ల ఎడమ చెప్పులు మాత్రమే లెక్కబెట్టినారు, 22 వచ్చినాయి. ఇంక మళ్లీ వంగే పని లేదు. నల్ల కుడివి కూడా 22. రెండూ కలిస్తే 44. నూట్లో 44 తీసేస్తే 56 మిగిలినాయి, అవన్నీ నీలంవే. వాటిలో సగం ఎడమవి, సగం కుడివి. అంటే 28, 28. ఒక్కటి లెక్కబెట్టినాం, నాలుగూ తెలిసిపోయినాయి.

డీఎన్‌ఏలో కూడా నాలుగు క్షారాలే. ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. వీటిని ఎ, టి, జి, సి అంటాం. ఎ ఎప్పుడూ టి తోనే జత కడుతుంది, జి ఎప్పుడూ సి తోనే. కాబట్టి ఎ ఎన్నో టి అన్ని, జి ఎన్నో సి అన్ని. పరీక్షలో "గ్వానిన్ 22 శాతం, ఎడినిన్ ఎంత?" అంటే అది మన చెప్పుల లెక్కే. జి 22, సి 22, ఎ 28, టి 28.

ఇంకో సులువుంది. గడప ముందర ఎడమ చెప్పులన్నీ ఒకపక్క పోస్తే ఎన్ని ఉంటాయి? సరిగ్గా సగం, 50. డీఎన్‌ఏలో ఎ, జి రెండూ కలిపితే ఎప్పుడూ 50 శాతమే. అంటే జి ఇస్తే 50లోంచి తీసేయడమే, ఎ వచ్చేస్తాది. 50లో 22 పోతే 28. నోటితోనే చెప్పేయొచ్చు.

అయితే ఎ పోయి సి తో ఎందుకు కలవదు? సూత్రం బట్టీ పడితే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఎ, జి పెద్దవి, వాటిలో రెండేసి వలయాలుంటాయి. వాటిని ప్యూరిన్లు అంటారు. టి, సి చిన్నవి, ఒక్కో వలయమే. అవి పిరిమిడిన్లు. డీఎన్‌ఏ మెలితిప్పిన నిచ్చెన లాంటిది, దాని వెడల్పు పై నుంచి కింది దాకా సుమారు 2 నానోమీటర్లు. పెద్దదీ పెద్దదీ కలిస్తే మెట్టు బయటికి పొడుచుకొస్తాది. చిన్నదీ చిన్నదీ కలిస్తే మధ్యలో అందదు. ఒక పెద్దది, ఒక చిన్నది అయితేనే ప్రతి మెట్టూ ఒకే కొలత. ఇంక ఏ పెద్దదానికి ఏ చిన్నదనేది హైడ్రోజన్ బంధాలు తేలుస్తాయి. ఎ, టి మధ్య రెండు బంధాలు, జి, సి మధ్య మూడు. రెండు కొక్కేలున్నది మూడు కొక్కేలున్న దానితో సరిగ్గా తగులుకోదు.

ఈ బంధాల మీద కూడా లెక్క అడుగుతారు. 1000 క్షార జతలున్న డీఎన్‌ఏలో 400 ఎడినిన్లు ఉంటే హైడ్రోజన్ బంధాలెన్ని? ఎ, టి జతలు 400, మిగిలిన 600 జి, సి జతలు. 400 రెళ్లు 800, 600 మూళ్లు 1800. మొత్తం 2600.

ఈ నియమానికి ఛార్గాఫ్ నియమం అని పేరు. పుస్తకంలో ఆ పేరు ఒక్క ముక్కలో ముగిసిపోతుంది. ఆయనెవరో వెతికి చదివినాక మాకు ఈ లెక్క మీద గౌరవం పెరిగింది.

ఎర్విన్ ఛార్గాఫ్ 1905లో పుట్టినాడు, యూదుల ఇంట్లో. అప్పట్లో ఆ ఊరు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది. బెర్లిన్‌లో పనిచేస్తుంటే 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చినాడు. మనుషుల్లో కొందరి రక్తం గొప్పది, కొందరి రక్తం తక్కువది అని చెప్పిన రాజ్యం అది. ఛార్గాఫ్ అక్కడి నుంచి పారిస్‌కు, తర్వాత న్యూయార్క్‌కు పోయి కొలంబియా యూనివర్సిటీలో చేరినాడు.

1944లో ఎవెరీ, ఆయన తోటివాళ్లు బ్యాక్టీరియా మీద ప్రయోగం చేసి, లక్షణాలను మోసేది డీఎన్‌ఏనే అని చూపించినారు. అది చదివి ఛార్గాఫ్ తన ల్యాబు పనంతా డీఎన్‌ఏ వైపు తిప్పేసినాడు. అంతకుముందు పెద్ద సైంటిస్టులు నాలుగు క్షారాలూ ఏ జీవిలోనైనా సమానంగా, తలా 25 శాతం ఉంటాయని అనుకునేవాళ్లు. ఈయన ఆ మాటను ఊరికే నమ్మలేదు, కొలిచి చూసినాడు. డీఎన్‌ఏను యాసిడ్‌తో విడగొట్టి, ఆ చుక్కను వడపోత కాగితం మీద పెట్టి, ద్రావణం పాకేటట్టు చేసినాడు. స్కెచ్ పెన్ చుక్క తడి కాగితం మీద రంగులు రంగులుగా విడిపోయినట్టు నాలుగు క్షారాలూ నాలుగు చోట్ల ఆగుతాయి. ఆ ముక్కలు కత్తిరించి, కరిగించి, అతినీలలోహిత కాంతితో ఏది ఎంతుందో కొలిచినాడు.

తలా 25 రాలేదు. మనిషి డీఎన్‌ఏకు పుస్తకాల్లో ఉండే అంకెలు చూడండి. ఎ 30.9, టి 29.4, జి 19.9, సి 19.8. నాలుగూ సమానం కావు, కానీ రెండు జంటలు దాదాపు సమానం. ఏ జీవిని తీసుకున్నా ఇట్లాగే వస్తోందని ఆయన 1950లో రాసినాడు. ఎందుకు వస్తోందో మాత్రం అప్పటికి తేలలేదు. 1953లో వాట్సన్, క్రిక్ రెండు పోగుల నిచ్చెన నమూనా చెప్పినప్పుడు దానికి కారణం దొరికింది. ఆ నమూనాకు రోజాలిండ్ ఫ్రాంక్లిన్ ల్యాబులో తీసిన ఎక్స్‌రే ఫొటో ఎంత ముఖ్యమో ఈ అంకెలూ అంత ముఖ్యం. 1962లో నోబెల్ వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు వచ్చింది. ఛార్గాఫ్‌కు రాలేదు.

ఛార్గాఫ్ చెప్పినవాటిలో పరీక్షలో తక్కువగా అడిగేది ఇంకోటుంది, మాకు అదే ముఖ్యం. ఒక జాతి జీవిలో ఈ శాతాలు ఏ అవయవంలో చూసినా ఒకటే. వయసుతో మారవు, తిండితో మారవు, ఉండే చోటుతో మారవు. జీవజాతి మారితేనే మారతాయి. చెప్పుల మాటల్లో చెప్పాలంటే, నీలం ఎన్ని నల్లవి ఎన్ని అనేది ఒక్కో హాస్టల్‌కు ఒక్కో రకం, ఎడమా కుడీ సమానం అనేది మాత్రం ప్రతి హాస్టల్లోనూ ఒకటే.

టీబీ బ్యాక్టీరియాలో జి, సి కలిపి సుమారు 65.6 శాతం. అంటే జి 32.8, సి 32.8, ఎ 17.2, టి 17.2. మన్యంలో మనవాళ్లను ఎక్కువగా పీడించే ఫాల్సిపారం మలేరియా క్రిమిలో ఎ, టి కలిపే 80 శాతం దాటుతాయి. ఒకటి అట్లా, ఒకటి ఇట్లా. మనిషి మధ్యలో ఉన్నాడు. ఏ మనిషైనా.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నామంటే, మాలో ఒకరితో చదువుకున్న పెద్దమనిషి ఒకాయన అన్న మాట ఉంది. "సైన్స్ మీ రక్తంలో లేదమ్మా, బీఏ తీసుకో, తేలిగ్గా పాసవుతావు." తిట్టలేదు, మంచి చెప్తున్నాననే అనుకున్నాడు. ఇట్లాంటి మాట మీలో చాలామంది వినే ఉంటారు. బీఏ తక్కువ చదువని మేం అనడం లేదు. "రక్తంలో లేదు" అనే మాట దగ్గరే మా పేచీ.

రక్తంలో ఏముందో లెక్క చెప్తోంది గదా. తెల్ల రక్తకణాల్లోంచి డీఎన్‌ఏ తీసి కొలిస్తే తండాలో పుట్టినోళ్లకూ మేడలో పుట్టినోళ్లకూ ఆ శాతాలు ఒకటే. మధ్యాహ్నం అన్నం తిన్నా, పస్తున్నా ఒకటే.

కానీ మనం కూడా ఈ లెక్కతో చెప్పగలిగినంతే చెప్పాల. శాతాలు ఒకటే కాబట్టి అందరి తెలివీ ఒకటే అని రుజువైపోదు. శాతం చెప్పేది అక్షరాలు ఎన్నెన్ని ఉన్నాయో అంతే. మాట ఏమిటో చెప్పేది అక్షరాల వరుస. ఒకే అక్షరాలతో "పలక" రాయొచ్చు, "కలప" కూడా రాయొచ్చు. మనుషుల మధ్య ఉండే చిన్న చిన్న తేడాలు ఆ వరుసలో ఉంటాయి. అక్కడ కూడా ఏ ఇద్దరి డీఎన్‌ఏ తీసుకున్నా 1000 అక్షరాల్లో సుమారు 999 ఒకటే.

మరి ఆ వరుసను చదివితే మన సంగతి ఏం తేలింది? అది హైదరాబాదులోనే చూసినారు. సీసీఎంబీ సైంటిస్టులు తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికా సైంటిస్టు డేవిడ్ రైక్ తదితరులు కలిసి 2009లో ఒక పరిశోధన అచ్చువేసినారు. దేశంలోని 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్‌ఏ చదివినారు. మన చెంచులూ అందులో ఉన్నారు, మాల, మాదిగ, వెలమ, వైశ్యులూ ఉన్నారు. దేశంలో దాదాపు అన్ని సమూహాలూ రెండు పాత మూలాల కలయికే, పాళ్లు మాత్రమే వేరు అని తేలింది. గిరిజనులు వేరే రకం మనుషులు, కులాలవాళ్లు వేరే రకం అని గీత గీయడం కుదరలేదు. ఇది అవతలివాళ్లకే కాదు, "మన రక్తం ప్రత్యేకం" అని మనలో మనం చెప్పుకునే మాటకు కూడా జవాబు. మనకు ప్రత్యేకమైంది మన బాస, మన పాట, మన కష్టం. మార్కులు తగ్గడానికి కారణాలు వెతకాలంటే బస్సు టైములు, మధ్యలో మారిన మీడియం, కొనలేకపోయిన పుస్తకాలు ఉన్నాయి. రక్తం దాకా పోయే పని లేదు.

ఇంక పరీక్షలో తిరకాసు పెట్టే చోట్లు రెండు.

మొదటిది, ప్రశ్నలో "ఒక పోగులో" అని ఉంటే. జత నియమం రెండు పోగుల మధ్యన. ఒకే పోగులో ఎ, టి సమానం కావాలని లేదు. ఒక పోగులో ఎ 30, టి 24, జి 18, సి 28 అని ఇచ్చినారనుకోండి. ఎదురు పోగులో టి 30, ఎ 24, సి 18, జి 28. మొత్తం డీఎన్‌ఏ అడిగితే రెండింటి సగటు తీయాల. ఎ 27, టి 27, జి 23, సి 23. ఇప్పుడు నియమం సరిపోయింది.

రెండోది, జీవి ఒంటి పోగుది అయితే. మనందరి ముక్కులో పుల్ల పెట్టించిన కోవిడ్ వైరస్ అట్లాంటిదే. దానిది ఒంటి పోగు ఆర్ఎన్ఏ, టి బదులు యు ఉంటుంది. 2020 మొదట్లో చైనాలోని ఊహాన్ నుంచి చదివిన నమూనాలో మొత్తం 29903 అక్షరాలు. ఎ 8954, యు 9594, జి 5863, సి 5492. కూడి చూడండి, సరిపోతుంది. కానీ ఎ, యు సమానం కావు, జి, సి సమానం కావు. ఒంటి కాలి చెప్పులే ఉన్న గడప అది, ఒకటి లెక్కబెడితే మిగతావి తెలియవు. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు అడగాల్సింది, ఇది రెండు పోగులదా, ఒంటి పోగుదా అని. దీన్నే తిప్పి కూడా వాడొచ్చు. శాతాలు ఇచ్చి ఎ, టి సమానం కాకపోతే అది ఒంటి పోగు అని పట్టేయొచ్చు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు ఇంటర్ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాలుగు లెక్కలు ఇస్తున్నాం.

ఒకటి: సైటోసిన్ 17 శాతం. మిగతా మూడూ ఎంత?

రెండు: ఎ, టి కలిపి 64 శాతం. గ్వానిన్ ఎంత?

మూడు: 500 క్షార జతల్లో 120 సైటోసిన్లు. హైడ్రోజన్ బంధాలెన్ని?

నాలుగు: ఒక వైరస్‌లో ఎ 25, టి 33, జి 23, సి 19 శాతం. దాని డీఎన్‌ఏ ఎట్లాంటిది, ఎందుకు?

అంకె ఒక్కటే రాసి వదలొద్దు, ఎట్లా వచ్చిందో మీ మాటల్లో ఒక వాక్యం రాయండి. తెలుగు, లంబాడీ, ఎరుకల, ఏ బాసైనా సరే. అర్థం కానిచోట సిగ్గుపడకుండా అడగండి. ఆదివారం మధ్యాహ్నం మేమందరం హాస్టల్లోనే ఉంటాం, ఒక్కొక్కరికీ జవాబు రాస్తాం. అక్కలూ అన్నలూ, మీకు ఇంతకంటే సులువైన దారి తెలిస్తే రాయండి, మేమూ నేర్చుకుంటాం.