అగ్గిపుల్లల పాఠం

సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబు ముక్కలు, మందు గీకేసిన కొన్ని అగ్గిపుల్లలు. ముక్కకు రెండువైపులా రెండు పుల్లలు దూరిస్తే కీలు తయారు. మూడు పుల్లలు కలిపితే త్రిభుజం. ఎటు నొక్కినా ఆకారం మారదు. నాలుగు కలిపితే చతురస్రం. వేలితో తోస్తే చాలు, పక్కకు ఒరిగిపోతుంది. రైలు వంతెనకూ, కరెంటు టవరుకూ అన్ని త్రిభుజాలెందుకో ఆ పిల్లలకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ కిటుకు అరవింద్ గుప్తాది. కాన్పూర్ ఐఐటీలో ఇంజనీరింగ్ చదివి, పుణెలో లారీలు తయారుచేసే టెల్కోలో చేరిన ఆయన 1978లో ఏడాది సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) జిల్లాకు వెళ్లారు.

అక్కడ అప్పటికే ఓ సాహసం నడుస్తోంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు 1972లో 16 పల్లె బడుల్లో దాన్ని మొదలుపెట్టాయి. సైన్సును బట్టీ పట్టడం లేదు. పిల్లలు నలుగురేసి జట్టుగా కూర్చుని ప్రయోగం చేయాలి, చూసింది రాసుకోవాలి, వాదించుకోవాలి. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోవచ్చు. చూసి రాయడానికి అందులో జవాబులుంటేగా! సందేహమొస్తే సవాలీరామ్ అనే కల్పిత పెద్దమనిషికి ఉత్తరం రాయొచ్చు. జవాబు వచ్చేది కూడా.

1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ ఈ పనిని భుజానికెత్తుకుంది. బడులు దాదాపు వెయ్యి అయ్యాయి, పిల్లలు లక్ష. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది. పరీక్ష ఫలితాల మీద ఫిర్యాదులు, అందరికీ ఒకే పాఠ్యక్రమం ఉండాలన్న వాదన. ప్రశ్న వేయడం నేర్చిన పిల్లాడికి ఎన్ని మార్కులివ్వాలో ఆ లెక్కల్లో ఎక్కడా లేదు. ముప్ఫయ్యేళ్లపాటు శిక్షణ పొందిన మాస్టార్లు మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు.

గుప్తా మాత్రం ఆగలేదు. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో 2003 నుంచి 2014 దాకా బాలల విజ్ఞాన కేంద్రంలో పనిచేశారు. చెత్తబుట్టలోకి పోవాల్సిన సీసాలు, స్ట్రాలు, పాత పేపర్లే ఆయన ప్రయోగశాల. 2018లో పద్మశ్రీ వచ్చింది.

మన కుప్పం దగ్గర ఆవరణ ఉన్న అగస్త్య ఫౌండేషన్ కూడా ఇదే బాటలో ఉంది. 1999లో మొదలైన ఈ సంస్థ వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద ప్రయోగ సామగ్రిని బడులకు మోసుకెళ్తోంది. వ్యాను వచ్చిన రోజు పిల్లలకు పండగే. మర్నాడు చాలాచోట్ల మళ్లీ అదే గైడు, అవే ప్రశ్నలు, తాళం వేసిన ల్యాబ్ బీరువా. గాజు సామాను పగిలితే లెక్క చెప్పాలని మాస్టార్ల భయం మరి. హోషంగాబాద్‌లో ప్రయోగమంటే వ్యాను కోసం ఎదురుచూసే పండగ కాదు, టైంటేబుల్లో ఉన్న పీరియడు.