కాలి వేళ్లు కదిలించమ్మా!

భాగవతం విన్నవారికి కుబ్జ తెలుసు. మూడుచోట్ల వంకర తిరిగిన ఒళ్లు కాబట్టి త్రివక్ర అనీ పేరు. కంసుడి కోసం చందనం తీసుకెళ్తూ మథుర వీధిలో కృష్ణుడికి ఎదురవుతుంది. అడగ్గానే ఆ చందనం ఇచ్చేస్తుంది. కృష్ణుడు ఆమె పాదాలను తన పాదంతో అదిమిపట్టి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తుతాడు. అంతే... నడుం నిటారైపోతుంది!

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా రాజధాని అక్రా శివార్లలో ఓ ఆసుపత్రి ఉంది. వెన్ను వంగిపోయిన పిల్లల్ని అక్కడా తల పట్టుకునే పైకి లాగుతారు. కాకపోతే క్షణంలో కాదు, వారాలూ నెలలూ పడుతుంది. ఆ ఆసుపత్రి పేరు ఫోకోస్. ఘనాలోనే పుట్టి, 1972లో అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో పేరున్న వెన్నెముక సర్జన్‌ అయిన డాక్టర్‌ ఒహెనెబా బోచీ-అడ్జే 1998లో ఆ సేవాసంస్థను స్థాపించారు. 2012లో దానికి సొంత ఆసుపత్రి వచ్చింది.

అక్కడికి చేరే పిల్లల్లో చాలామంది ఆఫ్రికా ఆ చివరనున్న ఇథియోపియా నుంచి వస్తారు. పంపేది డాక్టర్‌ రిక్‌ హోడ్స్. 1984 కరవు రోజుల్లో సాయానికి ఆ దేశం వెళ్లిన అమెరికన్‌ వైద్యుడాయన. క్షయతో వెన్ను వంగిన ఇద్దరు అనాథ పిల్లలకు ఆపరేషన్‌ చేయించే దారి దొరక్క, చివరికి వాళ్లను దత్తత తీసుకున్నారు. కొడుకులైతే తన బీమా వాళ్లకూ వర్తిస్తుందని!

అలా వచ్చే పిల్లల్లో ఒకమ్మాయిని ఊహించుకోండి. కొండపల్లెలో పుట్టింది. పన్నెండేళ్లు. నాలుగేళ్లప్పుడు వీపు మీద చిన్న ఎత్తు కనిపించింది. ఎవరి శాపమో అన్నారు ఊళ్లోవాళ్లు. నాటువైద్యాలు అయ్యాయి. బడి మానేసింది. ఇప్పుడు వాగు నుంచి నీళ్లు తేవాలంటే నాలుగుసార్లు ఆగి ఊపిరి తీసుకోవాలి.

డబ్బున్న దేశాల్లో వంపు 45, 50 డిగ్రీలు ఉండగానే ఆపరేషన్‌ మాట వస్తుంది. ఈ పిల్లలు వచ్చేసరికి వంద డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. పక్కటెముకలు నొక్కేయడంతో ఊపిరితిత్తులకు చోటుండదు. అలా వదిలేస్తే ఊపిరీ గుండే దెబ్బతింటాయి. మరి ఆపరేషన్‌ చేస్తే? మలుపు తిరిగిన ఎముక మీద వెన్నుపాము బిగదీసిన తాడులా ఉంటుంది. ఎముకను సరిచేసేటప్పుడు దాని మీద కొంచెం ఒత్తిడి ఎక్కువైనా, రక్తం అందకపోయినా నడుం కింద చచ్చుబడిపోవచ్చు.

అందుకే ఆ తల్లి అడిగే ప్రశ్న ఒకటే. ‘‘గూనితోనైనా నా బిడ్డ నడుస్తోంది. ఆ తర్వాత నడవకపోతే?’’

దీనికి తేలికైన జవాబు ఏ డాక్టర్‌ దగ్గరా లేదు. ఉందనేవాళ్లను నమ్మకపోవడమే మంచిది.

కత్తి పట్టినవాడి నేర్పు ఒక్కటే సరిపోదు మరి. గంటలకొద్దీ సాగే ఆపరేషన్‌లో రక్తం బాగా పోతుంది. బ్లడ్‌బ్యాంకులో సీసాలు ఉండాలి. తిండి చాలక బక్కచిక్కిన పిల్లకు గాయం త్వరగా మానదు, చీము పడుతుంది. బలహీనమైన ఊపిరితిత్తులకు ఆపరేషన్‌ తర్వాత కొన్నాళ్లు వెంటిలేటర్‌ కావాల్సి రావచ్చు. రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు కావాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా బాగా జరిగిన ఆపరేషన్‌ కూడా బెడిసికొడుతుంది.

లేనిచోట ఏం చేస్తారు? ఓపిక పడతారు. తల చుట్టూ ఓ లోహపు రింగు పెట్టి, పుర్రె ఎముకకు పిన్నులతో బిగిస్తారు. రింగుకు తాడు కట్టి, మన నూతి గిలకలాంటి కప్పీ మీదుగా బరువులు వేలాడదీస్తారు. రెండు మూడు కిలోలతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ పిల్ల బరువులో సగం దాకా తీసుకెళ్తారు. చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది గానీ, పిల్లలు త్వరగానే అలవాటుపడతారు. ఆ రింగులతోనే చక్రాల కుర్చీల్లో తిరుగుతారు, ఆడుకుంటారు. పిన్నుల దగ్గర చీము పట్టకుండా శుభ్రం చేయాలి. కళ్లు సరిగ్గా తిరుగుతున్నాయా, చేతుల్లో పట్టు ఉందా రోజూ చూడాలి. తేడా కనిపిస్తే బరువు తగ్గించాలి. ఈలోగా కడుపునిండా తిండి పెడతారు. నెమ్మదిగా సాగిన వెన్నుపాము ఆ సాగుడుకు అలవాటుపడుతుంది. ఖరీదైన యంత్రం చేయలేని పని కొన్నిసార్లు ఆ బరువులే చేసిపెడతాయి.

అసలు భయం మాత్రం ఆపరేషన్‌ బల్ల మీదే. వెన్నుపాములో సంకేతాలు సరిగ్గా పోతున్నాయో లేదో చెప్పే యంత్రం ఉంటే అది హెచ్చరిస్తుంది. అది లేనిచోట 1973లో ఫ్రాన్స్‌ వైద్యులు ప్రకటించిన పరీక్షే గతి. రాడ్లు బిగించాక మత్తు తగ్గించి, వీపు తెరిచి ఉండగానే పిల్లను లేపుతారు. ‘‘చేతులు బిగించమ్మా... ఇప్పుడు కాలి వేళ్లు కదిలించు.’’ ముందురోజే నేర్పించి ఉంచుతారు. అమ్హారిక్‌ తప్ప మరో భాష రాని పిల్లయితే, ఆ ఒక్క మాటా ఆ భాషలో చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. అప్పుడు గదిలో అందరి కళ్లూ ఆ పాదాల మీదే!

కదిలాయా, మళ్లీ మత్తిచ్చి పని పూర్తిచేస్తారు. కదల్లేదా... రాడ్లు వదులు చేస్తారు, రక్తపోటు పెంచుతారు. సరిచేసిన వంపును మళ్లీ వంచేయాల్సి వచ్చినా వెనకాడరు. కొందరికి వారాల్లో, నెలల్లో కాళ్లు తిరిగి వస్తాయి. కొందరికి రావు. కాళ్లు పోవడం ఎక్కడైనా ఒకటే అనుకుంటాం గానీ, కాదు. రోడ్డే లేని కొండపల్లెలో చక్రాల కుర్చీ ఏం చేసుకుంటారు? పుండ్లు పడకుండా పక్క మార్చేవారెవరు? ఓ చోట అవిటితనమైనది మరోచోట ప్రాణం మీదికొస్తుంది.

ఇంటికి పంపాక కూడా దిగులే. ఏడాది తర్వాత రాడ్డు విరగొచ్చు, చీము పట్టొచ్చు. ఎదిగే చిన్నపిల్లలకు పెట్టే రాడ్లను ఆరునెలలకోసారి పొడిగించాలి. రెండు రోజులు బస్సెక్కి, ఆపై విమానమెక్కాల్సిన పిల్లకు అది ఎలా కుదురుతుంది? అందుకే తెలిసిన సర్జన్లు నూటికి నూరుపాళ్లు నిటారు చేయాలని పట్టుపట్టరు. కొంచెం వంపు మిగిలినా ఫర్వాలేదని ఆగిపోతారు. ఎక్స్‌రే అందంగా రాదు, కానీ పిల్ల నడుస్తుంది.

లేమి నేర్పిన ఇలాంటి వివేకం మన దేశంలోనూ ఉంది. బెనారస్‌లో పనిచేసిన డాక్టర్‌ ఎస్‌.ఎం.తులీ వెన్నెముక క్షయ రోగులందరినీ కోయనక్కర్లేదనీ, ముందు మందులు వాడి, వాటితో కుదుటపడనివారికే ఆపరేషన్‌ చేయొచ్చనీ 1975లో ఫలితాలతో సహా చూపించారు. ‘మధ్యేమార్గం’ అని దానికి పేరు. ప్రపంచంలో క్షయ రోగులు ఎక్కువగా ఉన్నది మన దగ్గరే. ఆ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. పిల్లాడు నెలల తరబడి వెన్నునొప్పి అంటున్నా, వీపు మీద ఎముక పొడుచుకొచ్చినా మసాజులతో సరిపెట్టే ఇళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. ఆ దశలో పట్టుకుంటే రింగులూ బరువులూ చాలామందికి అవసరమే పడవు.

మనం ఊహించుకున్న ఆ పన్నెండేళ్ల పిల్ల కాలి వేళ్లు కదిలించింది అనుకుందాం. విమానం టికెట్‌ కొనలేని తల్లి ఊళ్లోనే ఉండిపోయింది. ఏడు నెలల తర్వాత బస్సు దిగిన కూతుర్ని ముందు గుర్తుపట్టలేదు. వెళ్లేటప్పుడు వేసుకున్న గౌనే వేసుకొచ్చింది. అప్పట్లో మడమల దాకా ఉన్న గౌను, ఇప్పుడు మోకాళ్ల కిందికే వచ్చింది.